పోపు వాసన, తేయాకు పురుగు

(రేడియో మహిళల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)

మధ్యాహ్నం పనులు కాస్త సర్దుకుని, పొయ్యి మీద టీ నీళ్ళు పడేసి వింటున్నవాళ్ళు మీలో చాలామందే ఉంటారు. మంచిది. ఇవాళ్టి మాట ఆ టీ గురించే. అయితే టీ ఎలా కాచాలో చెప్పటానికి రాలేదు లెండి. తేయాకు తోటలో ఒక చిన్న రెక్కల పురుగు పెళ్ళి ఆపటానికి జపాను వాళ్ళు పడిన పాట్లు చెబుదామని వచ్చాను.

నిన్న ఈ సంగతి అంటే మా పక్కింటి పిన్నిగారు, "పురుగుల పెళ్ళితో మనకేం పనమ్మా!" అని నవ్వేశారు. ఆవిడకు చెప్పిన జవాబే మీకూ చెబుతాను. బియ్యం కడిగి పొయ్యెక్కిస్తాం. కూరగాయలు కడుగుతాం. ద్రాక్షపళ్ళు తెస్తే ఉప్పునీళ్ళలో వేసి మరీ కడుగుతాం. టీ పొడిని ఎవరైనా కడుగుతారా? మనమే కాదు, ఫ్యాక్టరీలో కూడా కడగరు. కోసిన ఆకును వాడబెట్టి, నలిపి, రంగు మారనిచ్చి, ఆరబెట్టి పెట్టెలకెత్తుతారు. జపాను వాళ్ళు తాగే పచ్చ టీ అయితే ఆకును ఆవిరి పట్టించి, నలిపి, ఆరబెట్టటమే. అంటే ఆకు మీద చల్లిన మందు ఏ కాస్త మిగిలినా, తోట నుంచి మన కప్పు దాకా దాన్ని కడిగే చెయ్యి ఎక్కడా లేదన్నమాట. అందుకే మందు చల్లాక ఇన్ని రోజుల దాకా ఆకు కొయ్యకూడదనీ, మిగిలింది ఇంతకు మించకూడదనీ ప్రభుత్వాలు హద్దులు పెట్టాయి. కప్పు చూసి భయపడమని కాదు నేను చెప్పేది. మందు చల్లే అవసరమే తగ్గితే ఎంత బాగుంటుందీ అని.

తాగేవాళ్ళ సంగతి అలా ఉంచండి. చల్లేవాళ్ళ సంగతి నేను కళ్ళారా చూశాను. మా మేనమామగారికి పత్తి ఉండేది. కూలివాళ్ళు మూతికి తువ్వాలు కట్టుకుని, వీపున మందు డబ్బా తగిలించుకుని చేలోకి దిగేవారు. సాయంత్రానికి కళ్ళు ఎర్రబడి, వాంతులై, మా అత్తయ్య ఇచ్చిన మజ్జిగ కూడా తాగలేక అరుగు మీద కూలబడేవారు. ఒకసారి వాళ్ళ ఇంట్లో ఆ మందు డబ్బానే తోమి ఉప్పు పోసుకున్నారని తెలిసి, మా అత్తయ్య పరిగెత్తుకుంటూ వెళ్ళి దాన్ని గోతిలో పూడ్పించి వచ్చింది. ఆవిడ చదువుకున్నది అయిదో క్లాసు. ఇన్నేళ్ళు కాలేజీలో జంతుశాస్త్రం చెప్పిన నాకు ఈ విషయం మీద అసలు శ్రద్ధ పుట్టించింది ఆ ఉప్పు డబ్బా.

ఇంతా చేసి, మందు చల్లితే పురుగు పోతుందా అంటే, ఒక్కోసారి పెరుగుతుంది! వింతగా ఉంది గదూ. సిలోనులో, అంటే ఇప్పటి శ్రీలంకలో, తేయాకుకు ఆకులు చుట్టే పురుగు బెడద ఉండేది. 1935-36లో జావా నుంచి ఒక చిన్న కందిరీగ జాతిని తెచ్చి తోటల్లో వదిలారు. అది ఆ పురుగు ఒంట్లోనే గుడ్లు పెట్టి దాన్ని అదుపులో ఉంచింది. ఏళ్ళ తరబడి ఎవరూ ఆ పురుగు ఊసే ఎత్తలేదు. 1950లలో కొమ్మలు తొలిచే ఇంకో పురుగు కోసమని డీల్డ్రిన్ అనే మందు చల్లారు. ఆ మందుకు కందిరీగలు చచ్చాయి. కాపలా పోయేసరికి ఆకుచుట్టు పురుగు మళ్ళీ విరుచుకుపడింది. పిల్లి తాగిన పాలకు కోపం వచ్చి పిల్లిని తరిమేస్తే ఎలకలు వచ్చి కొట్టు దోచినట్టయింది.

కాబట్టి అందరినీ కలిపి చంపే మందు కాదు, ఆ ఒక్క పురుగు చెవికే చేరే మాట ఏదైనా కావాలి. చెవి అన్నానుగానీ, నిజానికి ముక్కు అనాలి.

రాత్రిళ్ళు దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగుల్ని మీరు చూస్తూనే ఉంటారు. సీతాకోకచిలుకలకు చుట్టాలే, కాకపోతే ఎక్కువగా రాత్రి తిరుగుతాయి. గొంగళిగా ఉన్నన్నాళ్ళూ తినటమే పని. రెక్కలొచ్చాక మిగిలేది కొద్ది రోజులే, ఆ కొద్ది రోజుల్లోనే జతను వెతుక్కోవాలి. చీకట్లో, ఎకరాలకొద్దీ తోటలో, గోరంత పురుగు ఇంకో గోరంత పురుగును ఎలా కనుక్కుంటుంది?

ఈ ప్రశ్న ఫ్రాన్సు దేశంలో ఫాబ్ర్ అనే పెద్దాయన్ని పట్టి కుదిపింది. ఆయన తన ఇంట్లోనే పురుగుల్ని పెంచి వాటి చరిత్రలు రాసినవాడు. ఒక మే నెల ఉదయం ఆయన గదిలో పెద్ద నెమలికన్ను పురుగు ఆడది ఒకటి గూడు చీల్చుకుని బయటికొచ్చింది. దాన్ని వల బుట్ట కింద మూసి పెట్టాడు. రాత్రయ్యేసరికి చంటి కొడుకు గావుకేక. పరిగెత్తి చూస్తే ఇల్లంతా పిట్టలంతేసి రెక్కల పురుగులు! నలభై దాకా వచ్చాయట, అన్నీ మగవే. ఆ ఒక్క ఆడదాని కోసం. వాసనా అని అనుమానం వచ్చి, మనం పట్టుచీరల మధ్య పెట్టుకునే నాఫ్తలీన్ కూడా చుట్టూ పెట్టి చూశాడు. అంత ఘాటులోనూ మగపురుగులు తిన్నగా ఆడపురుగు దగ్గరికే వచ్చి వాలాయి. గాజు మూత పెట్టి గట్టిగా బిగిస్తే మాత్రం రాలేదు. 1900లో అచ్చయిన పుస్తకంలో ఇదంతా రాశాడాయన. మనిషి ముక్కుకు ఏమీ తెలియదు, అయినా ఏదో ఉంది. ఆ ఏదో ఏమిటో తేలటానికి ఇంకో అరవై ఏళ్ళు పట్టింది.

తేల్చింది మన పట్టుపురుగే సుమండీ. జర్మనీలో బూటెనాంట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు ఇరవై ఏళ్ళకు పైగా దీని మీదే కూర్చున్నాడు. 1939లో నోబెల్ బహుమతి వచ్చినాయన. పట్టుపురుగు ఆడది పొట్ట చివర ఉన్న చిన్న గ్రంథిలోంచి ఆ వాసన వదులుతుంది. అటువంటి గ్రంథులు అయిదు లక్షల పురుగుల నుంచి కత్తిరించి తీస్తే, చివరికి చేతికొచ్చిన సరుకు కొద్ది మిల్లీగ్రాములు. చిటికెడు కూడా కాదు! 1959లో దాని నిర్మాణం తేల్చి బాంబికాల్ అని పేరు పెట్టారు. ఒక ప్రాణి వదిలితే అదే జాతి ప్రాణి అందుకునే ఇలాంటి పదార్థాలకు ఫెరమోన్ అనే పేరు పుట్టిందీ ఆ సంవత్సరమే.

ఇక మగపురుగు ముక్కు సంగతి వినండి. దాని ముక్కు తల మీద ఉంటుంది, ఈకల్లా విచ్చుకున్న రెండు మీసాలు. పుస్తకాల్లో స్పర్శశృంగాలంటాం. పట్టుపురుగు మగదాని ఒక్కో మీసం మీద వేలకొద్దీ సన్నని నూగు ఉంటుంది, దాదాపు అదంతా ఆ ఒక్క వాసన కోసమే. ఒక్క అణువు తగిలినా నూగులోని నాడి ఉలిక్కిపడుతుందని 1970లో తేల్చారు. పాపం, మనం పెంచీ పెంచీ పట్టుపురుగుకు ఎగరటం రాకుండా పోయింది. వాసన తగలగానే రెక్కలు టపటపా కొట్టుకుంటూ నడిచి వెళుతుంది. తోటల్లోని పురుగులు ఎగురుతాయి. వాసన గాలిలో పొగచారలా సాగుతుంది గదా, ఆ చార తగిలినప్పుడు గాలికి ఎదురెళ్ళటం, తప్పితే అటూ ఇటూ ఊగిసలాడి వెతకటం, మళ్ళీ తగిలితే మళ్ళీ ఎదురెళ్ళటం. అంతే దాని విద్య.

అన్ని పురుగులకూ ఒకటే వాసన అయితే ఊళ్ళో పెళ్ళిళ్ళన్నీ కలగాపులగం అవుతాయి. అందుకని ప్రతి జాతికీ తన పోపు తనకుంది. పోపు అని ఊరికే అనలేదు. చాలా పురుగుల ఫెరమోన్ ఒక్క పదార్థం కాదు, రెండు మూడు నాలుగు కలిసిన మేళవింపు. పాళ్ళు తప్పితే మగపురుగు తిరిగి చూడదు. వీధిలోంచి వెళుతూ ఫలానా వాళ్ళింట్లో చారు పోపు పడింది, ఫలానా వాళ్ళింట్లో పులిహోర పోపు పడిందని మనం ఆనవాలు పడతాం చూడండి, అలాగ. దినుసులు అవే, పాళ్ళలోనే ఉంది గుర్తు.

ఇప్పుడు జపాను తోటకు వద్దాం. అక్కడ షిజుఒకా ప్రాంతం తేయాకుకు పేరుపడ్డది. అక్కడి బెడద చిన్న ఆకుచుట్టు పురుగు. దీని గొంగళి చేసే పని విస్తళ్ళు కుట్టేవాళ్ళ పని లాంటిదే. లేత ఆకుల్ని నోటి దారంతో కుట్టుకుని, దొప్ప చేసుకుని, లోపల కూర్చుని తింటుంది. పైనుంచి ఎంత మందు చల్లినా దొప్ప లోపలికి పూర్తిగా అందదు. ఏడాదికి నాలుగైదు తరాలు. ప్రతి తరానికీ మందు, ఆకు మాత్రం కొయ్యక తప్పదు.

దీని వాసనలో ముఖ్యమైన రెండు పదార్థాలను జపాను శాస్త్రజ్ఞులు 1971లోనే పట్టుకున్నారు. 1979 నాటికి ఇంకో రెండు తేలాయి. మొత్తం నూరు పాళ్ళలో మొదటిది 63, రెండోది 31, మూడోది 4, నాలుగోది 2. మూడోది రెండోదానికి తోబుట్టువే, అణువులో ఒక్క చోట వంపు తేడా. మన లెక్కలో చెప్పాలంటే మినప్పప్పు 63, ఆవాలు 31, జీలకర్ర 4, ఇంగువ 2 అనుకోండి. ఇంగువ రెండు పాళ్ళే గదా అని మానేస్తే చారు చారవుతుందా?

వాసన తెలిశాక దాన్ని వాడే పద్ధతులు మూడు. ఒకటి, బుట్టలో ఎర పెట్టి, ఎన్ని మగపురుగులు పడ్డాయో లెక్కపెట్టి, పురుగు రాకడ ఎప్పుడో తెలుసుకోవటం. దీనితో తోటలో ఎప్పుడు ఏం చెయ్యాలో తెలుస్తుంది. చూసీ చూడకుండా వారం వారం మందు కొట్టక్కర్లేదు. రెండోది, ఎక్కువ బుట్టలు పెట్టి మగపురుగుల్ని ఏరిపారెయ్యటం. వినటానికి బాగానే ఉంటుంది గానీ, ఇందులో ఒక చిక్కుంది. ఒక మగపురుగు ఒక జతతో ఆగదు. నూటికి తొంభై పట్టేసినా మిగిలిన పదీ చాలు, తోట నిండా గుడ్లు పెట్టించటానికి. (ఆడపురుగుల్ని పట్టగలిగితే కథ వేరేగా ఉండును. ఎరకు పడేవి మగవే.)

మూడోదే తికమకపెట్టటం. ఒక్క ఇంట్లో పోపు పడితే వాసన పట్టుకుని వెళ్ళొచ్చు. వీధి వీధంతా ఒకే క్షణాన అదే పోపు వేస్తే? ఏ ఇంటికని వెళతాం? తోటంతా వాసన నింపేస్తే మగపురుగు లేని ఆడదాని వెంట తిరిగి తిరిగి అలసిపోతుంది, లేదా ముక్కు మొద్దుబారి పక్కనే ఉన్నదాన్ని కూడా పోల్చుకోలేదు. చంపటం లేదు, ఆకు మీద చల్లటం లేదు. సన్నని ప్లాస్టిక్ గొట్టంలో వాసన నింపి, పక్కన తీగె పెట్టి, తేయాకు కొమ్మకు మెలితిప్పి కట్టేస్తారు. గొట్టం గోడల్లోంచి వాసన వారాల తరబడి నెమ్మదిగా ఊరుతూ ఉంటుంది. ఎకరానికి వందల్లో కట్టాలి.

1983లో జపానులో ఇలాంటి తొలి సరుకు తోటలకొచ్చింది, హమాకి-కాన్ అని. నాలుగు దినుసుల్లో వాళ్ళు వాడింది ఒక్కటే, మన లెక్కలో ఆవాలు. కారణం లేకపోలేదు. తేయాకుకే ఇంకో పెద్ద ఆకుచుట్టు పురుగుంది, దాని పోపులో కూడా ఆవాలే ముఖ్యం. ఒక్క దినుసుతో రెండు పురుగుల పని పట్టొచ్చు, ఖర్చూ కలిసొస్తుందని. పొదుపైన ఇల్లాలి ఆలోచనే అది, మనమైనా అలాగే చేసేవాళ్ళం. మొదట్లో నూటికి 95 పాళ్ళకు పైగా మగపురుగులు దారి తప్పాయి. మందు తగ్గిన తోటల్లో సాలెపురుగులూ కందిరీగలూ బతికి తమ పని తాము చేసుకుపోయాయి.

పది పదిహేనేళ్ళు గడిచాయి. 1990ల మధ్యకొచ్చేసరికి, చాలాకాలంగా ఆ గొట్టాలు కడుతున్న షిజుఒకా తోటల్లో పట్టు సడలింది. తొంభై అయిదు కాస్తా సగానికి పడిపోయింది. గొట్టాలు సరిగా ఊరటం లేదేమోనని చూశారు, ఊరుతున్నాయి. మరి? పురుగే మారింది.

దానికి తెలివి వచ్చి కాదు. లక్షల్లో ఏ కొన్ని మగపురుగులకో పుట్టుకతోనే ముక్కు కాస్త తేడాగా ఉంటుంది. తోటంతా ఆవాల వాసనే నిండిపోయినా అవి మినప్పప్పూ ఇంగువా ఆధారం చేసుకుని ఆడపురుగును కనుక్కున్నాయి. జత దొరికింది వాటికే, పిల్లలు పుట్టిందీ వాటికే, ఆ ముక్కే పిల్లలకూ వచ్చింది. అలా తరం మీద తరం. పరిశోధకులు ఆ పురుగుల్ని తెచ్చి, ఆ వాసన దట్టంగా నింపిన చోట పదుల తరాలు పెంచి చూశారు. ఆ మగపురుగులు అసలు ఆవాలే లేని పోపుకు కూడా వచ్చి వాలుతున్నాయట! మందులకు పురుగు అలవాటు పడటం మనం ఎరిగిందే. తికమకపెట్టే వాసనకు కూడా లొంగకుండా పోవటం లోకంలో బయటపడటం అదే మొదలు.

నాకు ఈ కథలో నచ్చేది ఇక్కడి నుంచే. వాళ్ళు వెనక్కి వెళ్ళి మందు డబ్బా ఎత్తుకోలేదు. పోపు పూర్తిగా వేసి చూశారు. నాలుగు దినుసులూ ఆడపురుగు వేసే తీరులో కలిపి పెడితే, మొండికేసిన మగపురుగులు కూడా మళ్ళీ దారి తప్పాయి. 2001లో ఎక్కువ దినుసులున్న కొత్త గొట్టాలు వచ్చాయి. ఖర్చు పెరిగింది, నిజమే. ఇంగువ ఎప్పుడూ ఖరీదే గదా.

ఈ పద్ధతికి ఒంటి చేత్తో అన్నీ అయిపోతాయని ఎవరైనా చెబితే నమ్మకండి. ఇది ఆ జాతి పురుగుకే. తేయాకు మీద ఎర్రనల్లి ఉంటుంది, పచ్చదోమలు, తామరపురుగులు ఉంటాయి, వాటికి ఈ పోపు పట్టదు. పైగా తోట పెద్దదై ఉండాలి, లేదా చుట్టుపక్కల వాళ్ళందరూ కలిసి కట్టాలి. ఒక్కరే కట్టుకుంటే, పక్క తోటలో జత కలిసిన ఆడపురుగు తీరిగ్గా ఎగిరొచ్చి ఇక్కడ గుడ్లు పెట్టి పోతుంది.

మన రైతులకూ ఇది కొత్త కాదు. లింగాకర్షక బుట్టలని పత్తి చేలల్లో, కంది చేలల్లో కర్రకు వేలాడే పొడుగాటి ప్లాస్టిక్ సంచులు ఊళ్ళకు వెళ్ళేటప్పుడు మీరు చూసే ఉంటారు. పేరు చదివి పిల్లలు అర్థమడిగితే తడబడక్కర్లేదు, పురుగుల పెళ్ళిచూపుల బుట్టలని చెప్పండి. పత్తిలో గులాబీ రంగు పురుగు వాసన 1973లో తేలింది, రెండే దినుసులు, సమపాళ్ళు. అమెరికా వాళ్ళు 2018లో తమ పత్తి ప్రాంతాల్లో ఆ పురుగు లేకుండా పోయిందని ప్రకటించారు. అయితే తికమక వాసనతో పాటు గొడ్డు పురుగుల్ని వదలటం, పురుగును తట్టుకునే పత్తి రకాలు, కోత కాగానే మోళ్ళు తీసెయ్యటం, అన్నీ కలిపి, జిల్లాలకు జిల్లాలు ఒక్కమాట మీద చేస్తే అయిన పని అది. ఇక కాఫీ మొక్కల కాండం తొలిచే తెల్ల పురుగుంది చూశారూ, అది పెంకుపురుగు జాతి. దాంట్లో పిలిచేది మగది, వెళ్ళేది ఆడది. పిన్నిగారికి ఇది తెగ నచ్చింది.

ఇదంతా చదివిన ఉత్సాహంలో నేనూ ఒక బుట్ట తెచ్చి మా డాబా మీద కుండీల్లో ఉన్న నాలుగు వంగ మొక్కల పక్కన వేలాడదీశాను. కాయ తొలిచే పురుగుకు ఎర అన్నమాట. రోజూ పొద్దున్నే ఎక్కి లెక్కపెట్టటం. మగపురుగులు పడ్డాయి, ఒక వారం పదకొండు పడ్డాయి! ఊరంతా చెప్పుకున్నాను. తీరా కాయలు కోస్తే లోపల పురుగు ఉండనే ఉంది. ఇందాక మీకు చెప్పిన మాటే నేను మర్చిపోయాను, నాలుగు కుండీలు తోట కాదు గదా. వాడిన మొవ్వులు కనపడగానే గిల్లి, పురుగుతో సహా సబ్బునీళ్ళలో పడెయ్యటం మొదలుపెట్టాక కాస్త నయం. బుట్ట మాత్రం తియ్యలేదు. పురుగు ఎప్పుడొస్తోందో అదే చెబుతుంది, ఆ వారం మొవ్వులు ఇంకా జాగ్రత్తగా చూస్తాను.

మొన్న ఆరు కాయలు దిగాయి. రెండు పుచ్చు. మిగతా నాలుగూ గుత్తివంకాయ చేసి పిన్నిగారికి గిన్నెలో పంపాను. పోపు వాసనకు ఆవిడ ముందే గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.